తొమ్మిది శాతం తడి

రాత్రి షిఫ్టులో నా పని చిన్నది.
బెల్టు మీద కదిలొచ్చే తెల్లటి ముద్దలోంచి
ఒక గరిటెడు తీస్తాను, తూస్తాను,
నలభై డిగ్రీల వేడిలో ఆరబెట్టి
మళ్ళీ తూస్తాను.
తడి పది దాటిందా, పక్కనున్న గోడపలకల ఫ్యాక్టరీ వాళ్ళు
ఫోన్లోనే మొహం చిట్లిస్తారు.
ఈ రాత్రి తొమ్మిది.
రాసి, కింద సంతకం పెట్టాను: మార్లెనా షెయ్‌కా.

లుసాటియా బొగ్గు గోధుమరంగుది, పచ్చిది,
సగానికి సగం నీళ్ళే.
మండిస్తే ఇళ్ళకి దీపం, పొగలో గంధకం.
ఆ పొగని అలాగే వదిలితే ఏమవుతుందో
మా మేనత్త వోర్షాని అడగండి:
ఆరేసిన దుప్పటి సాయంత్రానికి
పొయ్యి తుడిచిన గుడ్డ,
సరిహద్దు కొండల మీద
నిలబడే చచ్చిపోయిన అడవి.

ఇప్పుడు చిమ్నీ ఎక్కబోయే ముందు
పొగని పెద్ద టవరులోకి తోలి
సున్నపురాయి కలిపిన నీళ్ళతో తలంటు పోస్తాం.
అది తెల్లగా, ఏమీ ఎరగనట్టు
పైకి వెళ్ళిపోతుంది.
తలంటిన నీళ్ళు మాకు మిగులుతాయి.
వాటిలోకి గాలి ఊది, వడగట్టి, పిండితే
జిప్సం.

కాగితాల్లో దీనికి రెండు పేర్లు.
గేటు లోపల అవశేషం.
గేటు దాటితే సరుకు.
గేటు దగ్గర కూర్చునే యురీ
లారీ వెనక చక్రాలు గీత దాటేదాకా
ఏ పేరూ పెట్టడు, కాఫీ తాగుతాడు.

మేనత్త వాళ్ళ ఊరు బ్రెజోవ్‌కా.
ఊరి కింద పదకొండు మీటర్ల మందాన బొగ్గుందని తేలాక
ఎవరూ ఎవరికీ పొగ పెట్టలేదు.
మర్యాదగానే వచ్చారు, కేకు తిన్నారు,
ఆపిల్ చెట్లు కూడా లెక్కపెట్టి డబ్బిచ్చారు.
సమాధుల్ని సైతం బండెక్కించి తెచ్చారు.
పన్నెండు కిలోమీటర్ల అవతల కొత్త వీధి,
అదే పేరు, పక్కింట్లో అదే మనుషులు.
కుక్క మాత్రం ఏడాదిపాటు తప్పిపోతూనే ఉంది.

ఆ ఇంటి మేడమీద గది తర్వాత కట్టారు.
పోయిన నెల అక్కడ స్విచ్చి కోసం గోడ కోస్తే
అరచేతిలో పట్టేంత ముక్క ఊడొచ్చింది.
వెనక అట్ట మీద నీలం అచ్చులో తారీఖు:
2008, ఫిబ్రవరి 19.
యంత్రం బ్రెజోవ్‌కా కిందికి వచ్చింది
అంతకు ముందు డిసెంబరులో.
వేళ్ళ మీద లెక్కేశాను:
తవ్వడం, మండడం,
తలంటు, వడపోత, అట్టల మధ్య పోత.
లెక్క సరిపోయింది.
సరిపోయినంత మాత్రాన నిజం కాదని నాకు తెలుసు,
ఆ చలికాలం ఎన్ని చోట్ల తవ్వలేదు!
అయినా చెప్పేశాను.

మేనత్త ఏడవలేదు.
ముక్క అంచుని గోటితో గీకి
పొడి నాలిక మీద వేసుకుంది.
"రుచీ పచీ లేదు" అని ఉమ్మి,
"ఏ ఇంటి కిందిదో మరి. నోవ్‌కా వాళ్ళదైతే
చేదుగా ఉండేది, వాడి నోరే అంత" అంది.
ఇప్పుడు ఆ గోడకే చెప్పుకుంటూ ఉంటుందట,
సోర్బ్ మాటలో, జర్మన్‌లో కాదు.
గోడలకి చెవులుంటాయి అత్తా అంటే
"దీనికి భాష కూడా వచ్చు" అంటుంది.

ఇంకొన్నేళ్ళకి ప్లాంటు మూస్తారు.
తలంటడానికి పొగ ఉండదు.
ఆ రోజుల కోసం పాత గని గుంటలో
జిప్సం గుట్టగా పోసి, ఇసక కప్పి దాచారు.

టిల్మన్, కొత్త కుర్రాడు, నిన్న అడిగాడు:
నలభై దగ్గరే ఎందుకు, నూరు పెడితే
త్వరగా ఆరిపోతుంది కదా అని.
పెట్టకూడదు.
జిప్సం గింజ లోపల ఇంకో నీరుంటుంది,
ముట్టుకుంటే చెయ్యి తడవదు, పిండితే రాదు.
ఇల్లు అంటుకున్నప్పుడు గోడ
మొదట ఆ నీటినే వదులుతుంది,
అది అయిపోయేదాకా మంటని అవతలే నిలబెడుతుంది.
దాన్ని మా రిజిస్టర్లో రాయం.
రాసేది పైతడి ఒక్కటే.

తెల్లవారుతోంది.
మళ్ళీ ఒక గరిటెడు.
తొమ్మిదిన్నర.